అడ్డచుట్ట తీస్తేనే అవుట్

మా అంపైరు పోయింది. సీజను మధ్యలో, మ్యాచ్ ఉన్న రోజు పొద్దున్నే పోయింది. నేను నిచ్చెనెక్కి గుంజకి మైకు కడుతున్నాను. ఆవిడ కోడలు ఇసుకలోంచి నడుచుకుంటూ వచ్చి, నిచ్చెన కింద నిలబడి, "మావా, మా అత్త లెగనేదు" అంది. పొద్దెక్కేదాకా పడుకునే మనిషి గురించైతే ఆ మాటకి ఇంకో అర్థం ఉండేది. ఆవిడ కోళ్ళకంటే ముందు లేచే మనిషి. నేను నిచ్చెన దిగిపోయాను.

మేమందరం ఆవిడని అప్ప అనేవాళ్ళం. మా వైపు అక్కని అప్ప అంటారు. ఆవిడ నాకు తోడబుట్టిన అప్ప కాదు. ఆవిడది ఒడ్డున ఉన్న పేట, చేపల గంప. నాది పై ఊరు, రైతుల కుటుంబం. ఆ కుటుంబంలోనూ పొలం చెయ్యక సైకిల్ షాపు పెట్టుకున్నవాణ్ణి. అయినా రెండూళ్ళ జనానికీ ఆవిడ అప్పే. ముసలాళ్ళు కూడా అప్పా అనే పిలిచేవారు.

తెలియనివారికి మా సీజను సంగతి చెప్పాలి. పట్నాల్లో క్రికెట్ చలికాలంలో ఆడతారు. మేము మాడు పగిలే వేసవిలో ఆడతాం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం మరబోట్లని సముద్రం మీదికి వెళ్ళనివ్వదు. బోట్లు ఒడ్డున ఉంటే మా బౌలర్లూ ఒడ్డున ఉంటారు. పై ఊళ్ళో పంటలు ఇల్లు చేరి రైతుబిడ్డలూ ఖాళీగా ఉంటారు. అక్కడ చేపలు గుడ్లు పెట్టుకుంటాయి, ఇక్కడ మేము టోర్నమెంటు పెట్టుకుంటాం. ఇంత పద్ధతైన సీజను ఇంకెక్కడైనా ఉంటే చూపించండి.

మైదానం అని నేను మైకులో గొప్పగా అంటాను గానీ, అది సరుగుడు తోటకీ ఇసుక దిబ్బకీ మధ్య గట్టి నేల. ఏడాది పొడుగునా పేటవాళ్ళు వలలు ఆరబెట్టుకునే చోటు. సీజను వస్తే వలలు ఒక వారకి జరుగుతాయి. పుట్టమన్ను తెచ్చి, తడిపి, తాటిదుంగ దొర్లించి పిచ్ చేస్తాం. బంతి వలలో పడితే బ్యాట్స్‌మన్ అవుట్. వలకి చిరుగు పడితే ఆ చిరుగు వాడే కుట్టాలి. ఈ రూలు కూడా అప్ప పెట్టిందే.

ఆవిడ అంపైరు ఎలా అయిందంటారా? ఎవరూ చెయ్యలేదు, తనే అయింది. అప్పట్లో పేటకో అంపైరు, పై ఊరికో అంపైరు ఉండేవారు. ఎవరి అంపైరు వాళ్ళ మనిషి. ఒకసారి రనౌటు దగ్గర మాటా మాటా పెరిగి బ్యాట్లు లేచాయి. అదే సమయానికి అప్ప ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని పై ఊరికి వెళ్తోంది. దారి వదిలి తిన్నగా పిచ్ మీదికి నడిచొచ్చి, గంప దించి మధ్యలో పెట్టింది.

"ఏట్రా ఆ గోల? సేపల బజార్లో కూడా ఇంత అరుపు నేదు."

అందరూ ఒక్కసారే చెప్పబోయారు. ఆవిడ వినలేదు. బ్యాట్స్‌మన్ వైపు తిరిగింది. "ఒరే, నాను సూసినాను. నువ్వు పరిగెట్టనేదు. పెల్లికి ఎల్లినట్టు నడిసినావు. అవుటు. ఎల్లు."

వాడు పై ఊరి వాడు. "నువ్వు మీ పేట పక్క మాట్లాడతన్నావు అప్పా" అన్నాడు.

"ఓరి నీ మొకం మండ! మీ యమ్మ మొన్న నా గంపలో పెద్ద సేపలన్నీ ఏరుకుని ఎలిపోనాది. నానేటైనా అన్నానేటి? నా గంప రెండూల్లూ తిరుగుతాది. నాకు పక్కలేటి?"

వాడు వెళ్ళిపోయాడు. గంప మాత్రం కదల్లేదు. ఆ రోజు మ్యాచ్ అయ్యేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. ఆ తర్వాత ఇంకో మనిషిని అంపైరుగా పెట్టాలన్న ఊహ ఎవరికీ రాలేదు. వచ్చినా నోరు దాటి బయటికి రాలేదు.

ఇక్కడ చుట్ట గురించి చెప్పకపోతే అప్ప గురించి ఏమీ చెప్పనట్టే. మా తీరం ఆడవాళ్ళలో అడ్డచుట్ట అలవాటుంది. అంటే నిప్పున్న కొన నోటి లోపల పెట్టుకుని కాల్చడం. గాలికి నిప్పారదు, బూడిద చేపల మీద పడదు. అప్ప నోట్లో చుట్ట ఉండగా మాట్లాడేది కాదు, వేలెత్తేది కాదు. అప్పీలు చేస్తే నోట్లోంచి చుట్ట తీసేది. తీసిందంటే అవుట్. తియ్యలేదంటే అవుట్ కాదు, అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నా కాదు. బౌలరు, కీపరు, చెట్టు కింద కూర్చున్న ముసలాళ్ళు, అందరూ ఊపిరి బిగబట్టి ఆవిడ మూతి వైపు చూసేవారు. ప్రపంచంలో ఇంకే అంపైరు మూతినీ జనం అంత ఆశగా చూసి ఉండరు.

నేను కామెంటరీ చెప్పేవాణ్ణి. బడి నన్ను చిన్నప్పుడే వదిలేసింది. నాకు భాష నేర్పింది షాపులో రేడియో. దాంతో నా కామెంటరీలో గాంభీర్యం కాస్త ఎక్కువ. ఒకసారి "ఆకాశపు నీలిమను చీల్చుకుంటూ దూసుకుపోతున్న బంతి" అని అందుకోగానే అప్ప చుట్ట తీసి, "ఒరే మైకోడా, బంతి మాకూ కనపడతన్నాది, నోరు ముయ్యి!" అని అరిచింది. చుట్ట తీసింది కదా అని బ్యాట్స్‌మన్ తానే అవుటనుకుని బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్ళిపోతున్నాడు. "ఎక్కడికిరా? నిన్ను కాదు, ఆడిని!" అని వెనక్కి పిలిచింది. ఆ రోజు నుంచి నేను నీలిమ జోలికి పోలేదు.

కాలి సంగతి ఒకటుంది. ఎల్బీడబ్ల్యూ అనే మాటని అప్ప చివరిదాకా ఒప్పుకోలేదు. ఒక ఏడు విజయనగరం నుంచి కాలేజీ కుర్రాళ్ళ జట్టొచ్చింది. తెల్ల బట్టలు, టోపీలు. మావాడి కాలికి బంతి తగిలింది, పదకొండు మందీ చేతులెత్తి అరిచారు. అప్ప చుట్ట తియ్యలేదు. వాళ్ళ కెప్టెన్ మర్యాదస్తుడు. దగ్గరికొచ్చి, "అమ్మా, కాలు అడ్డం లేకపోతే బంతి వికెట్లకి తగిలేది. రూల్ ప్రకారం అవుట్" అన్నాడు.

అప్ప ఓవరు అయ్యేదాకా ఆగి, అప్పుడు చుట్ట తీసి, "ఏ వూరి రూలు నాయనా?" అంది.

"ప్రపంచమంతా అదేనమ్మా."

"అయితే పెపంచకంలో ఆడినప్పుడు ఆలాగే ఆడండి. ఇక్కడ కాలు కాలే, వికెట్టు వికెట్టే. తగల్నిదానికి తగిలేదని సెప్తే ఎలాగ? నాను అమ్మని సేపకి డబ్బులిస్తావేటి?"

కుర్రాడు నవ్వేశాడు. ఆ రోజు వాళ్ళే గెలిచారు. వెళ్ళేటప్పుడు ఆవిడ దగ్గర ఎండు నెత్తళ్ళు కొనుక్కుని మరీ వెళ్ళారు.

నష్టం లేదని చెప్పను. మావాళ్ళు పుట్టినప్పటి నుంచి బంతిని కాలితో ఆపడం మరిగినవాళ్ళు. కోటబొమ్మాళి వైపు ఒక టోర్నమెంటుకి వెళ్ళి, మొదటి వాడు కాలితో ఆపి వెనక్కి, రెండోవాడు కాలితో ఆపి వెనక్కి, అలా వరసగా వెనక్కొచ్చి, తెచ్చుకున్న పులిహోర చల్లారకుండానే తినేశాం. తిరిగొచ్చి అప్ప మీద విరుచుకుపడ్డారు. ఆవిడ గంపలో చేపలు సర్దుకుంటూ, "పరాయి నేల మీద పరాయి రూలు ఆడాల. మన నేల మీద మన రూలు ఆడాల. ముందు మన నేల ఉండాల" అంది. ఆ చివరి మాట ఎవరూ పట్టించుకోలేదు. నేల ఎక్కడికి పోతుంది అనుకున్నాం.

పోయే రోజూ వచ్చింది. భోగాపురం వైపు విమానాశ్రయం అన్నాక ఈ ఒడ్డున ఇసుక కూడా బంగారమైంది. ఒక పొద్దున్న వచ్చి చూస్తే మా మైదానం నిండా ఎర్రరంగు పూసిన రాళ్ళు పాతి ఉన్నాయి. ఒకటైతే సరిగ్గా మిడాఫ్‌లో. ఈ స్థలం తనదని ఒక పట్నం ఆసామి అన్నాడు. తాతల నాటి నుంచి వలలు ఆరేసుకుంటున్నామని పేట అంది. అర్జీలు వెళ్ళాయి. తాసిల్దారు ఆఫీసు వాళ్ళు వచ్చి, ఇది ఖాళీగా పడున్న నేలా, జనం వాడుతున్న నేలా అని కళ్ళతో చూసి రాసుకుంటారని తెలిసింది. రాళ్ళు పీకేద్దామని కుర్రాళ్ళు గునపాలు తెచ్చారు.

"వొగ్గేయండి" అంది అప్ప. "పీకితే పోలీసులొస్తారు. ఆడితే ఎవులొస్తారు? కాయితాలు మీరెట్టండి. ఆట నానెట్టిస్తాను. ఆడే నేల కాలీ నేల కాదు."

అక్కడే రూలు పెట్టేసింది. రాయి కూడా ఫీల్డరే. రాయికి తగిలి లేచిన బంతిని పడితే అవుటు.

"రాయి ఎవుల జట్టు అప్పా?" అని ఎవడో అడిగాడు.

"ఎవులు ఫీల్డింగ్ సేస్తే ఆల జట్టు. నీకన్నా నయం, కదలకుండా నిలబడతాది."

ఆసామి ఒక రోజు కారులో వచ్చాడు. మ్యాచ్ నడుస్తోంది. ఫోన్‌లో మాట్లాడుకుంటూ తిన్నగా లోపలికి నడిచొచ్చాడు. అప్ప చుట్ట తీసింది. "బౌండరీ అవతల నిలబడు బాబూ, ఆట నడస్తన్నాది."

"ఇది నా స్థలం అమ్మా."

"అయితే ఫీల్డింగ్ సెయ్యి."

జనం గొల్లుమన్నారు. ఆయన ముఖం కందగడ్డ అయింది. "గోడ కట్టిస్తాను, అప్పుడు చూస్తాను మీ ఆట" అన్నాడు. "కట్టు బాబూ. సిక్సులు ఎక్కడిదాకా ఎల్లినాయో తేలక సస్తన్నాం" అని మళ్ళీ చుట్ట నోట్లో పెట్టుకుంది. ఆయన బౌండరీ దాటేదాకా బౌలరుకి చెయ్యి అడ్డం పెట్టే ఉంచింది.

ఈ సీజనులో ఆఫీసు వాళ్ళు వచ్చే రోజు తేలింది. దానికి ముందు రోజే అప్ప లేవలేదు.

ఆవిడ ఇంటి ముందు రెండూళ్ళూ కూడాయి. పేట పెద్ద మంచివాడే, కానీ ఆచారం మనిషి. "కర్మ అయ్యేదాకా ఆట నేదు. స్టంపులు పీకెయ్యండి" అన్నాడు. తప్పనలేం. పేటలో మనిషి పోతే పెళ్ళి మేళం కూడా ఆగిపోతుంది. కానీ రేపు ఆఫీసు వాళ్ళు వచ్చేసరికి ఆ నేల మీద పురుగు కూడా ఉండదు. ఖాళీ అని రాసుకుపోతారు. ఆ ముక్క అందరి మనసులోనూ ఉంది. శవం ముందు అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

కోడలే పెద్దతో అంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది. "రాత్రి బువ్వ తింటా కూడా పిచ్ తడిపినారా అని అడిగినాది. ఆచారం నాకూ తెలుసు మావా. ఆ ఆచారం అయ్యేలోగా గోడ లెగుస్తాది. అప్పుడు వలలు ఎక్కడ ఆరేస్తారు, మీ నెత్తి మీదా?"

పెద్ద తల వంచుకున్నాడు గానీ మాట మార్చలేదు. కోడలు లోపలికి వెళ్ళి ఒక చుట్ట తెచ్చి, వెలిగించకుండా, అత్త పెదాల మధ్య పెట్టింది.

వల్లకాటికి తీసుకెళ్ళేటప్పుడు దారిలో పాడెని ఒకచోట దించి, చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలన్నా ఉంటే పలుకుతుందని. దాన్ని దింపుడు కళ్ళం అంటారు. మోసేవాళ్ళు ఎవరి మాటా అడక్కుండా మైదానంలోకి తిరిగారు. స్టంపుల వెనక, ఆవిడ ఎప్పుడూ నిలబడే చోట దించారు. కొడుకు చెవి దగ్గర వంగి అమ్మా, అమ్మా, అమ్మా అని పిలిచాడు. సముద్రం తప్ప ఇంకేమీ పలకలేదు.

అప్పుడు మా పై ఊరి కీపరు, పాడె మోసిన భుజం తడుముకుంటూ, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జీవితమంతా ఆవిడ మీద అరిచినవాడు. చెవి దగ్గర మెల్లగా అడిగాడు.

"అప్పా, సీజను అయిపోనాదేటి? అవుటేనా?"

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. కానీ అలవాటు అలాంటిది. ఇంతమందిమీ ఊపిరి బిగబట్టి ఆవిడ మూతి వైపు చూశాం. పేట పెద్ద కూడా చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కండువాతో ముఖం తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"తియ్యనేదు. సుట్ట తియ్యనేదురా. నాటౌటు. రేపు ఆడండి."

మర్నాడు ఆడాం. తప్పని ముక్కు మీద వేలేసుకున్నవాళ్ళున్నారు. వేసుకోనివ్వండి. మైకు తాడు నేనే కట్టాను. అంపైరు చోటులో కోడలు నిలబడింది. "నాకు సుట్ట అలవాటు నేదు మావా, అవుటైతే ఏటి సెయ్యాల?" అంది. నోటితో చెప్పమన్నాను. అత్త గంప కింద పెట్టుకునే చుట్టకుదురు, ఆ గుడ్డ వలయం, చేతిలో తెచ్చుకుంది. నెత్తిన పెట్టుకోలేదు. మిడాఫ్‌లో ఉన్న ఎర్రరాయి మీద పెట్టింది.

ఆఫీసు వాళ్ళు టేపు పట్టుకుని వచ్చారు. లోపలికి అడుగు పెట్టబోతే కోడలు చెయ్యెత్తి, "బౌండరీ అవతల నిలబడండి బాబూ, ఆట నడస్తన్నాది" అంది. నిలబడ్డారు. ఇంతలో బంతి మావాడి కాలికి తగిలింది. వచ్చినవాళ్ళలో ఒకాయనకి ఆట తెలిసినట్టుంది, "అవుట్!" అని గట్టిగా అనేశాడు.

కోడలు ఆయన వైపు తిరిగింది. "కాలు కాలే, వికెట్టు వికెట్టే."

వాళ్ళు ఏం రాసుకున్నారో నాకు తెలీదు. గోడ ఇంకా లేవలేదు. లేస్తే దానికీ ఒక రూలు పెడతాం. నేను మైకులో ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు. బంతి అందరికీ కనపడుతూనే ఉంది. సాయంత్రం గాలికి సరుగుడు ఆకు రాలుతోంది. మా ఫీల్డర్లు అటూ ఇటూ పరిగెడుతున్నారు. మిడాఫ్‌లో ఒక్కటి మాత్రం కదలకుండా నిలబడి ఉంది, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, గంప ఎత్తే చేతుల కోసం చూస్తున్నట్టు.