మిగతాది వచ్చే సోమవారం

1983 జూలై 25, సోమవారం, ఉదయం పది గంటలకు ఎమ్మిగనూరు బస్టాండులో, ఉరుకుంద బస్సులు ఆగే చోట, మా ఆరోగ్య కేంద్రం బోర్డు గోడకెక్కింది. దాని బాధ్యత నాది. అప్పుడు నేను ఆరోగ్య విస్తరణాధికారిణిని. వైద్యం చేసే ఉద్యోగం కాదు, వైద్యం గురించి జనానికి చెప్పే ఉద్యోగం. డాక్టరుకు కింద, నర్సులకు పైన అని కాగితం మీద ఉండేది. ఆస్పత్రిలో నా కుర్చీ ఎక్కడ వేయాలో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు.

శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి బస్సులు కిక్కిరిసి పోతాయి. వాంతిభేదులు కూడా ఆ నెలల్లోనే. విరేచనాలు పట్టిన పిల్లలు ఎక్కువగా ఒంట్లో నీరు ఇంకిపోయి చనిపోతారు. గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు, చెంచా చక్కెర కలిపి గుక్క గుక్కగా తాగిస్తే చాలామంది నిలబడతారు. ఈ ఒక్క సంగతి ప్రయాణికులకు చేరడానికే ఆ బోర్డు. ప్రతి సోమవారం కొత్త రాత. చిత్తుప్రతి మీద డాక్టరు సంతకం చేశాక పెయింటరు దాన్ని బోర్డు మీదికి ఎక్కించాలి.

మొదటి నాలుగు బోర్డులూ నేనే రాశాను. ఎవరూ చదవలేదు. ఎదురుగా బెంచీ మీద కూర్చుని చూశాను కాబట్టి రూఢిగా చెప్పగలను. ‘అతిసార నివారణోపాయములు’ అన్న శీర్షిక మీద ఒకాయన తడి టవలు ఆరేసుకున్నాడు.

పెయింటరు పేరు బాషా. ఆదోనివాడు, సినిమా హాళ్లకు బోర్డులు రాసేవాడు. “మేడమ్, మీ బోర్డు రాస్తాంటే నాకే నిద్ర వస్తాంది. జనానికి కత కావల్ల,” అన్నాడు. ఆ రోజుల్లో సినిమా పాటల పుస్తకాల్లో కథ సగం చెప్పి, మిగతా వెండితెరపై చూడండి అని వదిలేసేవారు. తానూ అలాగే రాస్తానన్నాడు.

రాశాడు. సుంకమ్మ అనే కోడలు, ఆమె చంటిబిడ్డకు విరేచనాలు. నీళ్లు తాపితే ఇంకా పోతాది, చుక్క కూడా ఇయ్యొద్దు అని అత్త గద్దిస్తుంది. ఆ మాటలు ఎర్రరంగులో, జానెడేసి అక్షరాలు. బిడ్డ కళ్లు తేలేశాడు. సుంకమ్మ ఏం చేసింది? మిగతాది వచ్చే సోమవారం.

ఉప్పు చక్కెర నీళ్ల సంగతి ఈ వారమే రాయమన్నాను.

“చెప్పేస్తే వచ్చే సోమారం ఎవురు నిలబడతారు మేడమ్ ఈడ? మొదటి రీల్లోనే హీరో గెలిస్తే టికెట్టు ఎవురు కొంటారు?”

డాక్టరు చదివి, నవ్వి, సంతకం చేశారు. నా అభ్యంతరం నోటిమాటగానే ఉండిపోయింది, ఫైలుకెక్కలేదు.

ఆగస్టు 22న బోర్డు ముందు జనం గుంపు కట్టారు. కండక్టరు ఈల వేసినా కదల్లేదు. చదువురాని వాళ్లకు బాషాయే, అత్త గొంతు అత్తది, కోడలి గొంతు కోడలిది పెట్టి, చదివి వినిపించాడు. పెద్దకడుబూరు వైపు పల్లె నుంచి గుడికి బయల్దేరిన ఉరుకుందమ్మ అనే కూలిమనిషి ముందు వరుసలో ఉంది. చంకలో కొడుకు ఈరన్న.

“అన్నా, ఆ బిడ్డ బతుకుతాడా ల్యాదా? సంపొద్దప్పా వాణ్ణి,” అంది.

“సోమారం రా అక్కా, ఈడే చెప్తా. ఇప్పుడే చెప్పేస్తే నా కూలి పోతాది,” అన్నాడు బాషా.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఆమె ఈరన్నను మా కేంద్రానికి తెచ్చింది. విరేచనాలు బుధవారం మొదలయ్యాయట. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలితే అలాగే ముడతగా నిలబడిపోయింది. సెలైన్ ఎక్కించడానికి డాక్టరు చేతులు, కాళ్లు, తల అంతా నరం కోసం వెతికారు. దొరకలేదు. ఐదింటికి పిల్లవాడు పోయాడు.

ఇంట్లో ఏం తాగించారని అడిగి రాసుకోవడం నా పని. అడిగాను.

“ఏమీ తాపలేదమ్మా. మా అత్త వద్దనె. మీ బోర్డులో ఆయమ్మ గూడ అట్లే అనె కదా, ఎర్ర అచ్చరాల్లో. ఆస్పత్రోళ్లు రాసిందే కదా అనుకుంటిమి. సోమారం వచ్చి మిగతాది ఇందామనుకుంటి.”

ఆదివారం బోర్డు రాయడానికి వచ్చినప్పుడు బాషాకు చెప్పాను. కుంచె కింద పెట్టాడు.

“అత్త మాటే బాగా రాసినా మేడమ్. అన్నిట్లోకీ అదే బాగా రాసినా.”

ఆ రాత్రి బొమ్మ లేకుండా, కథ లేకుండా, ఉప్పు చక్కెర నీళ్లు కలిపే పద్ధతి ఒక్కటే బోర్డు నిండా రాసి పోయాడు. సోమవారం ఇంకా ఎక్కువమంది వచ్చారు. ఒకాయన చదివి, “కత యాడికి పోయిందప్పా?” అన్నాడు. మిగిలిన వాళ్లు సీట్ల కోసం బస్సు వైపు కదిలారు. బాషా కూలి డబ్బులకు కూడా మళ్లీ రాలేదు. అక్టోబరులో జిల్లా నుంచి తనిఖీకి వచ్చిన అధికారి, జనాన్ని బాగా ఆకట్టుకున్న కథ బోర్డును ఎందుకు ఆపారని రిజిస్టరులో ప్రశ్న రాసి వెళ్లారు.

రిటైరయ్యే వరకు నేను పాటించిన నియమాలు మూడు. చేయవలసిన పని మొదటి వరుసలో ఉండాలి. తప్పు మాట ఎవరి నోట పలికించినా, దాన్ని కొట్టేసే మాట అదే బోర్డు మీద, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. చదివినవాడు వచ్చే వారం తిరిగి వస్తాడనుకుని రాయకూడదు. నా బోర్డుల ముందు మళ్లీ ఎన్నడూ జనం గుంపు కట్టలేదు.

పోయినవి ఇవి: చేయి తిరిగిన పెయింటరు ఒకడు, నిలబడి చదివే జనం, ఆ డిసెంబరులో బస్టాండు గోడ మీంచి తీసేసిన బోర్డు, ఈరన్న అనే పద్దెనిమిది నెలల పిల్లవాడు.