ఒడిల్ గారి పచ్చ పెన్సిల్

ఒడిల్ జాకెరో గారు లోకంలో దేన్నైనా క్షమించేవారు, ‘వీలైనంత వరకు’ అన్న మాటను తప్ప. అది ఎక్కడ కనబడినా సరే, చేతిసంచిలోంచి పచ్చ పెన్సిల్ తీసి కొట్టేసేవారు. అది ప్రభుత్వాల ఒప్పందమా, పళ్ల డాక్టరు ఉత్తరమా అన్న తేడా లేదు.

జెనీవాలో మాది చిన్న సంఘం. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల కోసం దేశదేశాల ప్రతినిధుల వెంటపడటమే మా ఉద్యోగం. ఉద్యోగులం ఇద్దరమే, ఆవిడా నేనూ. నేను చేరిన మొదటి రోజే ఒక ముసాయిదా నా ముందు పెట్టారు.

“చూడు మార్లిజ్, అక్కర్లేని మాటకు అడ్డగీత. కొట్టేసింది మళ్లీ ఉంచాలనుకుంటే దాని కింద చుక్కలు.”

“మీరు చుక్కలు ఎప్పుడు పెడతారు మదాం?”

“నేనా? నాకది చేతకాదమ్మా.”

పంతొమ్మిదేళ్లు కలిసి పనిచేశాం. ఆవిడ చుక్క పెట్టగా నేను చూడలేదు.

మేం మధ్యాహ్నం తినే హోటల్లో, దాని యజమాని గాస్టన్ పలక మీద రాసేవాడు: ‘పెర్చ్ చేప వేపుడు, వీలైనంత వరకు మన సరస్సుదే.’ ఒకరోజు ఒడిల్ గారు లేచి వెళ్లి సుద్దరాత మీదనుంచి పచ్చగీత లాగారు.

“మదాం, ఇప్పుడు నేను అబద్ధాలకోరును అయ్యాను కదా!”

“ఎందుకవుతావు? సరస్సులో చేపే తెచ్చి వండు.”

“ఆ చేప ఎక్కడ పుట్టిందో చేపకే తెలీదు తల్లీ!”

“అయితే ఆ ముక్కే రాయి. నేను వచ్చి తింటాను.”

గాస్టన్ అదే రాశాడు. ఆ వారం చేప బాగా అమ్ముడుపోయింది.

ఆవిడ ఉండే మేడలో బట్టలుతికే గది గోడమీద ‘ఆదివారాలు వీలైనంత వరకు బట్టలు ఉతకరాదు’ అని కాగితం ఉండేది. దానికీ అదే గతి పట్టింది. పై ఆదివారం ఆవిడే బుట్టెడు బట్టలతో కిందికి దిగి, తన గీతను తానే చూసుకుని, బుట్టతో సహా మళ్లీ మెట్లెక్కారు. సోమవారం ఆఫీసుకు తడి మేజోళ్లతో వచ్చారు.

ఇవన్నీ నేను నవ్వుతూ చెప్పగలను. ఆ జూన్ శుక్రవారం సంగతి మాత్రం అలా చెప్పలేను.

పనివాళ్లకు వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలనే క్లాజు మీద చర్చ చివరికొచ్చింది. గదిలో మాట్లాడేది ప్రభుత్వాలు. మాది వెనక వరుస. మా మాట చెప్పాలంటే కాఫీ యంత్రం దగ్గర కాపు కాసి ఎవరో ఒక ప్రతినిధి చెవిలో వేయాలి. సరిగ్గా ఆ వేళకే ఒడిల్ గారి పెన్సిల్ ములికి విరిగింది. నన్ను కాఫీ యంత్రం దగ్గర ఉంచి, చెక్కుకొస్తానని కిందికి వెళ్లారు. అప్పుడే మాకు స్నేహితుడైన ప్రతినిధి ఒకాయన బయటికి పరుగెత్తుకొచ్చారు.

“‘వీలైనంత వరకు’ అని చేరిస్తే అందరూ ఒప్పుకుంటారట. లేదంటే క్లాజే ఎత్తేస్తారు. మీవాళ్లకు సరేనా? తొందరగా చెప్పండి, నాకు రైలుంది.”

నేను సరేనని తలూపాను.

ఆవిడ వచ్చేసరికి లోపల చప్పట్లు కొడుతున్నారు. కాగితం చూశారు. చెక్కిన పెన్సిల్‌ను సంచిలో పెట్టేశారు. తిడతారని నిలబడ్డాను.

“మా అమ్మ ఒక పెద్దింట్లో వంట చేసేది. ఆదివారం సెలవు, వీలైనంత వరకు. అలాగే రాసిచ్చారు. పదకొండేళ్లలో వాళ్లకు ఆరు ఆదివారాలు వీలైంది. కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూసేదాన్ని.” సంచి మూసి, “పద, కాఫీ తాగుదాం. నువ్వు తినలేదు కూడా” అన్నారు.

తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

ఉద్యోగ విరమణ తర్వాత ఆవిడ ఇవెర్డన్‌లో వృద్ధాశ్రమంలో చేరారు. రైల్లో గంట దారి. అప్పటికే మా ఆయన పక్షవాతంతో మంచాన ఉన్నారు. నేను ఉత్తరం రాశాను: ‘ప్రతి ఆదివారం వచ్చి చూస్తాను, వీలైనంత వరకు.’ పోస్టులో వేశాక నాలుక కరుచుకున్నాను. పచ్చగీతతో తిరిగొస్తుందని రెండు వారాలు ఎదురుచూశాను. రాలేదు.

నాలుగేళ్లలో నాకెన్ని ఆదివారాలు వీలైందో చెప్పను. వాళ్లమ్మ యజమానులకంటే కొంచెం నయం. కొంచెమే.

ఆవిడ పోయాక మేనకోడలు ఒక అట్టపెట్టె తెచ్చిచ్చింది. “ఇదంతా ఏమిటో మీకే తెలియాలండీ. అత్తయ్య ఆఖరికి మందు చీటీలను కూడా వదల్లేదు” అంది. పెట్టె నిండా పచ్చగీతలే. అడుగున నా ఉత్తరం ఉంది. ‘వీలైనంత వరకు’ మీద గట్టి అడ్డగీత. దాని కింద వరసగా, కాస్త వంకరగా పెట్టిన పచ్చ చుక్కలు. అంచున చిన్న అక్షరాలు: ‘ఇంట్లో జబ్బు మనిషి. ఉండనివ్వాలి.’

చేతకాదన్న పనిని నాకోసం నేర్చుకున్నారు.

ఆ చుక్కలు పెట్టకపోయినా బాగుండేది ఒడిల్ గారూ. గీత ఒక్కటే తిరిగొచ్చి ఉంటే, మీకు భయపడైనా ప్రతి ఆదివారం రైలెక్కేదాన్ని. వీలైనంత వరకు.

చూశారా, అలవాటుగా రాసేశాను. ఇదిగో, కొట్టేస్తున్నాను.