ముందే వెలిగించిన ఊదుబత్తి

ఈ అరబ్బుల దేశంలో, హూరాలో మా గదిలో ఉండేవాళ్లలో మంచివాడెవరని అడిగితే అందరూ ఇక్బాల్ పేరే చెబుతారు. నేను చెప్పను. ఏళ్ల తరబడి పక్క మంచం మీద పడుకున్నవాణ్ణి కాబట్టి నాకు తెలుసు, అది మంచితనం కాదు. ఆ మనిషికి కాదనడం రాదు, అంతే.

ఊరు బోధన్. వచ్చిన కొత్తలో ఒక పెద్దింట్లో డ్రైవరుగా చేరాడు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, బండి కడగమంటే కడిగాడు, పిల్లల్ని బడికి దింపమంటే దింపాడు. ఈ ఏడు సెలవు కుదరదంటే హౌ అని తలూపాడు, మరుసటేడూ కుదరదంటే మళ్లీ హౌ అన్నాడు. కూతురు లైబా పుట్టినప్పుడు పోలేదు. నడక నేర్చినప్పుడూ పోలేదు. "గట్టిగ అడగకపోయినవా భాయ్" అన్నాను ఒకసారి. "కఫీల్ మంచోడు స్వామీ, అడిగితే కాదంటడా" అన్నాడు. మరి అడిగావా అంటే, లేదు. ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం?

ఆ ఇంట్లో అతను గొప్పగా చెప్పుకునే పని ఒక్కటే. సాయంత్రాలు మగవాళ్లంతా మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, చుట్టూ కూర్చుని కాఫీ తాగుతారు. మాటలన్నీ అయ్యాక నిప్పుల మీద ఊద్ చెక్క వేసి ఆ ధూపాన్ని ఒక్కొక్కరి ముందుకూ తీసుకెళ్లాలి. వాళ్లు బట్టలకు పొగ పట్టించుకుని లేచి సెలవు తీసుకుంటారు. ధూపం వచ్చిందంటే ఇక బయల్దేరండని మర్యాదగా చెప్పడమే. అది పట్టుకుని తిరిగేది ఇక్బాలే. "నేను లోపలికొస్తే ఎంత పెద్దమనిషైనా లేస్తడు స్వామీ" అని మురిసిపోయేవాడు.

కఫీల్ పోయాక సల్మాబాద్‌లో ఒక గోదాం వ్యాను నడపడానికి కుదిరాడు. అక్కడ కూడా హౌ సార్, హౌ భాయ్. అప్పుడే హైదరాబాద్ నుంచి భీమరాజు దిగాడు.

'కనకవ్వ ఊదుబత్తి' ఈయనదే. కనకవ్వ ఆయన నాయనమ్మ. ఇక్కడ అమ్మాలని డబ్బా మీద ఆవిడ బొమ్మ పీకేసి, ఒంటెనూ ఖర్జూర చెట్టునూ వేయించాడు. నేనిక్కడికి వచ్చాక ఒంటెను చూసింది ఆ డబ్బా మీదే. అది చాలదన్నట్టు, ఎవరో కోటు వేసుకున్నాయన దగ్గర అరబ్బుల మర్యాదల మీద రెండు రోజుల క్లాసు కూడా విని వచ్చాడు. అరికాలు చూపించకూడదు, ఎడమ చెయ్యి చాచకూడదు. ఆ క్లాసు తలకెక్కి, మా వ్యానులో కూడా కాళ్లు ముడుచుకుని, ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు. హైదరాబాద్‌లో తన గోదాంలో పనివాళ్లను ఒరేయ్ అనకుండా పిలవడట, ఆ మర్యాద మాత్రం ఏ క్లాసులోనూ నేర్పలేదు.

ఆ గోదాంలోనే ఇక్బాల్ బావమరిది పని చేస్తాడు. అలా కుదిరింది పరిచయం. పాత కఫీల్ స్నేహితుడు అబూ యూసుఫ్‌కు అత్తరు, ధూపం దుకాణాలున్నాయి. ఆయన తన సరుకు కొంటే హూరాలో కొట్టు తెరుస్తాననీ, అందులో ఇక్బాల్‌ను కూర్చోబెట్టి భార్యాబిడ్డలకు వీసా తీయిస్తాననీ భీమరాజు మాటిచ్చాడు. ఇక్బాల్ ఆ రోజే భార్య అన్వరీ బేగానికి ఫోన్ చేశాడు. ఆమె బోధన్‌లో జాకెట్లు కుట్టి ఇల్లు గడుపుతుంది. లైబాను ఇక్కడి బడిలో వేద్దామన్నాడు. ఆ వారమంతా గదిలో పాటలే పాటలు. నాకూ సంతోషమే అయింది, అబద్ధమెందుకు.

శుక్రవారం నాకు సెలవు. డబ్బాలు మోయడానికి నన్నూ రమ్మన్నారు. వెనక సీట్లో భీమరాజు, ముందు మేమిద్దరం. దారిలో ఆయన తన ఉపాయం బయటపెట్టాడు.

"మా దుకాణంలో పొద్దున్నే ఊదుబత్తి వెలిగించి గల్లాపెట్టె చుట్టూ తిప్పందే బోణీ చెయ్యం. ఇక్కడా అంతే. కూర్చోగానే వెలిగిద్దాం. వాసన చూశాకే మాటలు."

నేను వెనక్కి తిరిగాను. "అట్ల చెయ్యద్దు సార్. వీళ్లు ధూపం ఆఖరుకు తెస్తరు. పొగ వస్తే పోవుడే. ఇక్బాల్ భాయే చెప్పిండు నాకు."

"అవునా ఇక్బాల్? మా క్లాసులో చెప్పలేదే."

ఇక్బాల్ అద్దంలో ఆయన మొహం చూశాడు. అక్కడ ఏ జవాబు కావాలని ఉందో అదే ఇచ్చాడు. "అట్లేం లేదు సార్. మీరెట్లంటే అట్ల."

"విన్నావా?" అన్నాడు భీమరాజు నాతో. "ఈయన వాళ్ల ఇళ్లల్లో తిరిగిన మనిషి."

మోచేత్తో పొడిచాను. ఇక్బాల్ రోడ్డు మీదే చూపు పెట్టాడు.

అబూ యూసుఫ్ మజ్లిస్ నిండా ఆయన వయసువాళ్లే. వాళ్లు ఇక్బాల్‌ను గుర్తుపట్టి యోగక్షేమాలు అడిగారు. భీమరాజును తమ పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆయన అరికాళ్లు దాచుకునే తిప్పలు వాళ్లెవరూ పట్టించుకోలేదు. అబూ యూసుఫ్ కొడుకు కాఫీ పోయడం అప్పుడే మొదలుపెట్టాడు. భీమరాజు గుప్పెడు ఊదుబత్తులు తీశాడు. అగ్గిపెట్టె ఇచ్చింది కూడా ఇక్బాలే.

"నువ్వు తిప్పు. నువ్వు వాళ్లకు తెలిసినవాడివి" అని వెలిగించి అతని చేతిలో పెట్టాడు భీమరాజు.

తిప్పాడు. మొదట కూర్చున్న ముసలాయన ఇక్బాల్‌ను చూశాడు, పొగను చూశాడు, అబూ యూసుఫ్‌ను చూశాడు. సగం తాగిన గిన్నె కింద పెట్టి, తలగుడ్డకు పొగ పట్టించుకుని లేచాడు. అతని వెనక రెండో ఆయన. ఆ వెనక అందరూ. ఏళ్ల తరబడి ఆ చేతిలో ధూపం చూసి లేచినవాళ్లే కదా. ఎవరూ మాట తూలలేదు. కాఫీ కూజాతో ఆ కుర్రవాడు గది మధ్యలో నిలబడిపోయాడు.

గది ఖాళీ అయ్యాక అబూ యూసుఫ్ అరబ్బీలో నెమ్మదిగా, "మా ఇంట్లో మా అతిథులను లేపమని నీకెవరు చెప్పారు ఇక్బాల్?" అన్నాడు. ఇక్బాల్ దానికీ తల ఊపాడు. "ఖలాస్", ఇక చాలని, ఆయన లోపలికి వెళ్లిపోయాడు. డబ్బాలు నేనే మళ్లీ మోసుకొచ్చాను.

"ఏమన్నాడు?" వ్యాను ఎక్కాక భీమరాజు ఆత్రంగా అడిగాడు.

"వాసన మస్తుందన్నడు సార్. నమాజుకు టైమైందని పోయిండ్రు."

భీమరాజు పొంగిపోయి కబురు కోసం హోటల్లో కూర్చున్నాడు. ఎంతకీ రాలేదు. చివరికి పెట్టె సర్దుకుని, "వీళ్లకు మన సరుకు విలువ తెలీదు. కొన్ని మార్కెట్లు అంతే, తలుపు తియ్యరు. కదా ఇక్బాల్?" అన్నాడు. వాళ్లు తలుపు తీసి, పక్కన కూర్చోబెట్టుకుని, కాఫీ పోస్తే పొగబెట్టి వచ్చిన మనిషి అన్న మాట ఇది.

"హౌ సార్" అన్నాడు ఇక్బాల్.

భీమరాజు విమానం ఎక్కిన సాయంత్రమే అన్వరీ బేగం ఫోన్ చేసింది. ఇక్బాల్ కూర చేస్తూ స్పీకర్ పెట్టాడు. వాళ్ల ఉర్దూ నాకు అర్థమవుతుంది. కుట్టు మిషన్‌కు మంచి బేరం వచ్చిందట. ఎలాగూ వచ్చేస్తున్నాం కదా, అమ్మెయ్యనా అని అడిగింది. వెనక నుంచి లైబా, తన బడి బట్టలు ఏ రంగని అరుస్తోంది.

"వద్దని చెప్పు భాయ్" అన్నాను. "కొట్టు లేదని చెప్పు. ఆ మిషన్ మీదనే కద బతుకుతున్నది ఆమె."

గరిటె పట్టుకుని నా వైపు చూశాడు. కళ్లనిండా నీళ్లు. ఒక్క క్షణం, చెబుతాడనే అనుకున్నాను.

"హౌ," అన్నాడు ఫోన్లోకి, "అమ్మెయ్."

అవతల అన్వరీ బేగం నవ్వడం నాకు వినిపించింది.