హారిక ట్యాబ్‌లో రెండో పాము

వాన వెలిసిన ఉదయాన భవానీపురంలో మా స్కూలు గదులు ఫినాయిల్‌తో కడుగుతుంటే, ఆ ఘాటులోంచి తడి గోడల వాసన వస్తుంది. నా అరికాళ్ళు జివ్వుమంటాయి. సుభద్ర మేడమ్ గుర్తొస్తారు. ఆవిడ మా సీనియర్ సైన్సు టీచరు. నేను కొత్తగా చేరిన రోజుల్లో నా క్లాసుకి వచ్చి వెనక బెంచీలో కూర్చునేవారు. తప్పులు పట్టడానికేనని హడలిపోయేదాన్ని.

ఆ ఏడు వరద తగ్గి స్కూలు తెరిచాక పాముల పాఠం పెట్టుకున్నాను. నేలమీద యాప్‌తో వచ్చిన బొమ్మ కార్డు పెట్టి ట్యాబ్ కెమెరా దానివైపు తిప్పితే, తెరమీద సరిగ్గా అక్కడే రక్తపింజర చుట్ట చుట్టుకుని బుస కొడుతుంది. మొదట కెవ్వుమన్న ఎనిమిదో తరగతి పిల్లలు కాసేపటికే చెయ్యి చాచి దాని తల నిమరడం మొదలుపెట్టారు. నాకు ముచ్చటేసింది. మేడమ్ ముఖం మాత్రం ముడుచుకుపోయింది. "పిల్లల చేతులకి భయం పోతోందమ్మాయ్" అన్నారు. పెద్దవాళ్ళకి కొత్తదేదీ నచ్చదులే అనుకున్నాను.

అంతలో కిటికీ దగ్గర్నుంచి హారిక పిలిచింది.

"మేడమ్, మా దాంట్లో రెండున్నాయండీ!"

"యాప్ హ్యాంగయ్యుంటుంది. ఆపి మళ్ళీ పెట్టమ్మా" అన్నాను.

సుభద్ర మేడమ్ లేచారు. "ట్యాబ్ దించు తల్లీ. కంటితో చూడు."

హారిక దించింది. ఒక పాము నేలమీద అలాగే ఉంది, మూరెడు దూరంలో. నిమరడానికి ఆ పిల్ల చెయ్యి అప్పటికే సగం చాచి ఉంది.

కేక వెయ్యబోతే మేడమ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"హారికా, కదలకు. నన్నే చూడు. పొద్దున్న ఏం తిన్నావే?"

"ఇడ్లీ అండీ..."

"చట్నీతోనా, కారప్పొడితోనా?"

"కారప్పొడి."

"అమ్మ నెయ్యి వేసిందా?"

ఆ పిల్ల కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, జవాబులు మాత్రం చెబుతోంది. చివరికి పాము చుట్ట విప్పుకుని, గోడవారగా జారి, నీళ్ళు పోయే కన్నంలోంచి బయటికి పోయింది.

స్టాఫ్‌రూములో టీ గ్లాసు రెండు చేతులతోనూ పట్టుకోలేక మేడమ్ బల్లమీద పెట్టేశారు.

"మీకంత ధైర్యం ఎలా వచ్చిందండీ?"

"ధైర్యమా, నా మొహం! మా తమ్ముణ్ణి పొలంగట్టుమీద పాము కరిచినప్పుడు పక్కనే ఉన్నాను. వాడు దక్కలేదు. అప్పట్నుంచీ ఎక్కడ అడుగుపెట్టినా ముందు నేలే చూస్తాను. నీ పాఠం వింటున్నాననుకున్నావా? మూలలు చూస్తున్నా."

మేడమ్ రిటైరయ్యారు. కొత్త ట్యాబులొచ్చాయి, వాటిలో పాము ఇంకా నిజంలా పాకుతుంది. పిల్లలు నవ్వుతూ చెయ్యి చాచినప్పుడల్లా నా గుండె ఆగినంత పనవుతుంది. పాఠం ఆపించి, ట్యాబులు దింపించి, ముందు నేల చూడమంటాను. నన్ను ఉత్త పిరికిదని గుసగుసలాడుకుంటారు. అనుకోనీ. సాయంత్రం అందరూ తమ కాళ్ళతో గేటు దాటేదాకా ఆ భయం నాకు కావాలి.