టీవీలో బాబాయి

మొన్న ఏలూరులో ఓ దుకాణంలో వీడియో గేమ్ జాయ్‌స్టిక్ చేతిలోకి తీసుకోగానే తాడేపల్లిగూడెం బాబాయి గుర్తొచ్చాడు.

బాబాయి ఆడే ఆటలో రెక్కల పాములతో పోరాడే కత్తివీరుడు ఉండేవాడు. బాబాయి మీట నొక్కితే ఆ వీరుడు నాకు చెయ్యి ఊపేవాడు. నాకప్పుడు ఆరేళ్లు. కొల్లేరు పక్క పొలాన్ని చేపల చెరువు చేద్దామని నాన్న, వద్దని బాబాయి గొడవపడి రాకపోకలు మానేశారు. అప్పుడే ఆ ఆట కార్టూన్ సీరియల్‌గా టీవీలో మొదలైంది.

అదే వీరుడు! తాడేపల్లిగూడెం నుంచి బాబాయే ఆడిస్తున్నాడనుకున్నాను. రోజూ తెర ముందు నిలబడి చెయ్యి ఊపేదాన్ని. అతను ఒక్కసారీ ఊపలేదు. నేనేం తప్పు చేశానో అర్థమయ్యేది కాదు.

"నాన్నగారండీ, బాబాయికి నా మీద కూడా కోపమాండీ?" అన్నాను ఓ సాయంత్రం.

"ఎవరన్నారమ్మా?"

"చూడండి, ఎంతసేపు ఊపినా మళ్లీ ఊపట్లేదు."

నాన్న తెర వంక, నా వంక చూశారు. ఆదివారం నన్ను తీసుకుని తాడేపల్లిగూడెం బస్సెక్కారు.

తలుపు తీసిన బాబాయిని గుమ్మంలోనే నిలదీశాను, టీవీలో చెయ్యెందుకు ఊపలేదని. బాబాయి తెల్లబోయాడు. నాన్న తలొంచుకుని విషయం చెప్పారు.

"అక్కణ్ణించి కనపడలేదమ్మా," అన్నాడు బాబాయి. "లోపలికి రండన్నయ్యా."

చాలా ఏళ్లు ఆ జవాబు నిజమనే నమ్మాను. పొలం సంగతి ఆ రోజూ తేలలేదు. భోజనం మాత్రం అక్కడే చేశాం.