వ్యాను మావ, వెచ్చని సీటు

మా ఎదురింటి వ్యాను మావ పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. ఆయన గురించి ఇప్పుడే రాయాలి. ఎందుకంటే పెద్దకర్మ రోజున భోజనాల దగ్గర ఒకాయన విస్తరి ముందు కూర్చుని, "మంచోడే గాని, ఆ పెద్దమ్మని కాల్సీసినాడు కదా" అన్నాడు. పక్కనున్న నలుగురూ తలలూపారు. నేను పులుసు బకెట్టు పట్టుకుని అదే వరసలో వడ్డిస్తున్నాను. ఆయనకి పులుసు పోసి ముందుకి నడిచాను.

ఆ కాలడంలో తప్పు మావది కాదు. నాది. ఈ సంగతి మావకి తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు చెప్పగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి రాస్తున్నాను.

మాది ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. మావకి ఒక పాత వ్యాను ఉండేది. మొదట్లో కొబ్బరికాయలు, జీడిపిక్కల బస్తాలు వేసేవాడు. అత్తకి, అంటే ఆయన భార్యకి, కిడ్నీలు పోయాక వారానికి మూడు రోజులు పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించేవాడు. ఎలాగూ వెళ్తున్నాం కదా అని ఊళ్ళో అదే జబ్బున్న మరో నలుగురిని ఎక్కించుకునేవాడు. అత్త పోయాక కూడా ఆ ప్రయాణం మానలేదు.

డయాలసిస్ అయి వచ్చేవాళ్ళని చూడనివాళ్ళకి ఇది చెప్పాలి. మే నెల మిట్టమధ్యాహ్నం మనం చెమటకి తడిసిపోతుంటే వాళ్ళు దుప్పటి కప్పుకుని వణుకుతారు. రెగ్జిను సీటు మీద కూర్చోగానే నడుము జిల్లుమంటుందని అంటారు. అత్త ఒకరోజు దారిలో, "సీటు సల్లగుంది, నన్ను నీ ఒళ్ళో కూకోబెట్టుకుని నడపరాదేటి" అందట. ఈ మాట మావ నాకు చాలాసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ చివర్లో ఒకటే అనేవాడు. "నవ్వీసినానమ్మా. ఆ మాటకి నానేటి సేసినాను? నవ్వీసినాను."

మా ఊరి నుంచి మిలట్రీకి వెళ్ళినవాళ్ళు చాలామంది. అత్త పోయాక, సెలవు మీద వచ్చిన ఒక జవాను, మంచు కొండల్లో ఆఫీసర్ల బళ్ళకి సీట్లు వేడెక్కుతాయని, ఆ సామాను విడిగా కూడా దొరుకుతుందని మాటల్లో చెప్పాడు. మావ ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. మా నాన్న కొబ్బరి దింపే మనిషి. మా పాప ఇంగ్లీషు గడగడా చదివేస్తుందని చెట్టు మీద నుంచి కూడా కేకేసి చెప్పేవాడు. మావ నన్ను ఇంగిలీసమ్మా అనే పిలిచేవాడు.

"ఇంగిలీసమ్మా, నీ ఫోనులో ఆ ఏడి సీటు ఉంటాదేటి, సూడు."

పార్సిలు పది రోజులకి వచ్చింది. చాపలా పలచగా నల్లటి పట్టీలు రెండు, వైర్లు, ఫ్యూజు, రిలే, ఒక స్విచ్చి. స్విచ్చికి రెండు దీపాలు. పసుపుది తక్కువ వేడి, ఎర్రది ఎక్కువ వేడి. లోపల మడతపెట్టిన ఇంగ్లీషు కాగితం. దాన్ని నేను చదివి చెప్పాలి, మావ చెయ్యాలి. ఇదీ మా ఒప్పందం.

జీడితోట నీడలో వ్యాను ఆపి, వెనక సీటు బోల్టులు విప్పి బోర్లా తిప్పాడు. కవరుని లోపలి ఫోముకి పట్టి ఉంచే ఇనప రింగుల్ని ప్లయరుతో ఒక్కొక్కటే కత్తిరించాడు. ఒక పట్టీ నడుము దగ్గరికి, ఒకటి కూర్చునే చోటికి అంటించాడు. కవరు మళ్ళీ బిగించడానికి కొత్త రింగులు పలాసలో రెండు షాపులు తిరిగినా దొరకలేదు. అప్పుడు ఇంట్లోంచి వల అల్లే నైలాను దారం తెచ్చి, వల ముడులతో కవరు మొత్తం కుట్టేశాడు. చిన్నప్పుడు వలలు అల్లిన చెయ్యి ఆయనది. ఆ ముడి తడిసినా జారదని చెప్పాడు.

దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వేవారు.

"ఉక్కకి సచ్చిపోతంటే సీటుకి ఏడి ఎడతావేటి మావా? గుడ్లు గాని పొదిగిత్తావేటి?"

"నువ్వొచ్చి కూకో బావా, నీ బుర్రలో ఉన్నది పొదుగుతాదేమో సూద్దుం" అనేవాడు మావ, తల ఎత్తకుండానే.

మొదటిసారి వైరు నేరుగా బ్యాటరీకి కలిపేసి, స్విచ్చి ఆపడం మర్చిపోయాడు. తెల్లారేసరికి బ్యాటరీ చచ్చింది. పెందలాడే బయల్దేరాల్సిన వ్యానుని ఊరంతా కలిసి తోసింది. నేను కాగితం మళ్ళీ చదివి, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకి కలపమని చెప్పాను. కలిపాడు. అది సరిగానే చదివాను.

కాగితం చివర, కింద, చీమల్లాంటి సన్నక్షరాలు ఒక పేరాడు ఉన్నాయి. మావ వాటి మీద వేలు పెట్టాడు.

"ఇదేటమ్మా?"

నేను చూశాను. మొదటి మాట అర్థమైంది, రెండోది కాలేదు, మూడోది ఎప్పుడూ చూడలేదు. నాన్న పక్కనే కొబ్బరి మట్ట మీద కూర్చుని నన్నే గర్వంగా చూస్తున్నాడు. నాకు తెలీదు అనే మాట నోట్లోకి రాలేదు.

"అది కంపెనీవోలు ఊరికే రాసుకుంటారు మావా. మనకేటి నేదు" అన్నాను.

ఆయన నమ్మాడు. చదువుకున్నదాన్ని నమ్మకపోవడం ఎలాగో ఆయనకి తెలియదు. ఆ సీటు మీద ఎండలో గంటసేపు తానే కూర్చుని చూసుకున్నాడు. ఎర్ర దీపం పెడితే కాసేపటికి వేడి ఎక్కువై లేచాడు. "కాల్తే ఎవులైనా లెగీరేటి?" అన్నాడు. అది ఆయన లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు, ఆ సన్నక్షరాలు లేకపోతే.

కొన్ని నెలలు బాగా గడిచింది. ఆ సీటు కోసం వంతులు వేసుకునేవారు. పలాస నుంచి వచ్చే దారిలో ఆ వ్యానులో మాటలు వినిపించడం మొదలైంది. అంతకుముందు దుప్పట్లు మాత్రమే ఉండేవి.

ఆ పెద్దమ్మ మా వెనక వీధి ఆవిడ. కిడ్నీలతోపాటు షుగరు కూడా ఉంది. వాయుగుండం పట్టి వాన కురుస్తున్న ఒక రోజు, "ఎర్రది ఎయ్ బాబూ, ఎముకల్లోకి పోతంది సలి" అని అడిగి, సీటులో కూర్చునే నిద్రపోయింది. రైలు గేటు పడి చాలాసేపు ఆగారు. ఇంటికి చేరాక చీర మారుస్తూ కోడలు చూసింది. తొడ వెనక అరచెయ్యంత బొబ్బ. పెద్దమ్మకి ఏమీ తెలియలేదు. షుగరుతో ఆవిడ చర్మానికి వేడి తెలియడం ఎప్పుడో పోయింది.

ఆవిడ కొడుకు మావ గుమ్మంలోకి వచ్చి వీధంతా వినేలా అరిచాడు.

"మాయమ్మని పెనం మీద ఎట్టీసినావేటి? నీ పెళ్ళాన్ని బతికించుకోనేకపోనావు, మాయమ్మ మీద సేత్తన్నావా పెయోగాలు?"

"తప్పైపోనాది బాబూ" అన్నాడు మావ. "తప్పు నాదే."

నేను మా గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు. అంతే.

మర్నాడు మధ్యాహ్నం కాగితం పట్టుకుని వచ్చాడు. "ఇంకోపాలి సదువమ్మా, ఆ సన్నక్షరాలు."

ఈసారి ఒక్కొక్క మాటనీ ఫోనులో వెతికి చదివాను. వేడి తెలియని చర్మం ఉన్నవారు, షుగరు ఉన్నవారు వాడకూడదు. సీటు వేడి వేసుకుని నిద్రపోకూడదు. తక్కువ వేడికే చర్మం కాలవచ్చు. చదవడం అయిపోయాక ఫోను కింద పెట్టేశాను.

"మరి ఆ రోజున?"

"ఆ మాటలు నాకు తెల్దు మావా. తెల్దని సెప్పడానికి సిగ్గేసింది."

మావ కాగితం నాలుగు మడతలు పెట్టాడు. "తెల్దంటే ఎవులూ కొట్టరమ్మా. తెల్దన్నోళ్ళకి ఇంకోపాలి సెప్తారు, అంతే." తర్వాత లేచి, "ఇది ఇక్కడితో ఒగ్గీ. నువ్వు సదువుకోవాల. నాకేటుంది, ముసిలి వ్యాను" అన్నాడు.

నేను ఒగ్గేశాను, ఎవరికీ చెప్పకుండా వదిలేశాను. ఆయన కోసం కాదు, నా కోసం. డిగ్రీ అయ్యేదాకా, ఉద్యోగం వచ్చేదాకా ఒగ్గేస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత రోగులెవరూ ఆ వ్యాను ఎక్కలేదు. కొత్తగా ఒక ఆటో మాట్లాడుకున్నారు. మావ మాత్రం ఆ సీటు తీసెయ్యలేదు. ఎర్ర దీపం వైరు తెంచేశాడు. పట్టీ మీద అత్త పాత నూలు చీర నాలుగు మడతలు వేశాడు. చెయ్యి తిప్పి, చేతి వెనక వైపుని సీటుకి ఆనించి, వంద లెక్కపెట్టి చూసేవాడు. అరచెయ్యి మొద్దుది, అబద్ధం చెప్తుంది అనేవాడు. ఎవరూ ఎక్కని సీటుని అలా చూసుకునేవాడు.

పెద్దమ్మ పుండు మానడానికి చాలా రోజులు పట్టింది. ఆవిడ ఒకరోజు మా అరుగు మీద కూర్చుని మావతో మెల్లగా, "మావోడికి సెప్పకు గాని, ఆ ఆటోలో సచ్చిపోతన్నాను సలికి. ఆ పసుపుది ఎట్టి నన్ను ఎక్కించరాదేటి?" అంది. మావ తల అడ్డంగా ఊపాడు. "ఒద్దమ్మా, నీకు తెల్దు ఏడి. నాకు తెల్దు అప్పుడు." ఏడాది తిరిగాక ఆవిడ జబ్బుతోనే పోయింది. ఊళ్ళో మాత్రం సీటుతో పోయిందన్నారు.

రెండేళ్ళ కిందట మావకీ క్రియాటినిన్ పెరిగి డయాలసిస్ మొదలైంది. అదే ఆటోలో, అదే చల్లటి రెగ్జిను మీద పలాస వెళ్ళేవాడు. ఒకసారి నేను తోడు వెళ్ళాను. తిరిగి వస్తుంటే పళ్ళు కొట్టుకుంటున్నాయి ఆయనకి. "మన వ్యానులో ఎల్దాం మావా, ఎవులినైనా నడపమంటాను" అన్నాను.

"అందులో నానొక్కడినే ఎచ్చగా కూకుంటే బాగోదమ్మా" అన్నాడు.

అప్పుడైనా ఆ ఆటోలో ఉన్న మిగతా ముగ్గురు రోగులకీ నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఇప్పుడు నేను రోజూ ఊరి నుంచి వెళ్ళి టెక్కలిలో ఒక బడిలో ఇంగ్లీషు చెప్తున్నాను. ఇది అచ్చుకి ఇవ్వకముందు పెద్దమ్మ కొడుకు ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన జీడిపిక్కలు ఎండబోస్తూ విన్నాడు. చివర్లో, "ఇప్పుడు సెప్తే ఏటి లాభం? ఆయన ఉన్నప్పుడు సెప్పాల" అని, మళ్ళీ పిక్కలు పరవడం మొదలుపెట్టాడు.

మావ కూతురు, నేను అక్కా అని పిలిచే మనిషి, వ్యానుని పాత సామాన్ల వాళ్ళకి ఇచ్చేస్తానంది. కాళ్ళావేళ్ళా పడి కొంచెం ఆపించాను. ఆ కాగితం మొత్తం, సన్నక్షరాలతో సహా, తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ముందు సీటు వీపుకి అంటించాను. అందులో ఒక మాట నాకు ఈసారి కూడా సరిగ్గా తెలియలేదు. దాన్ని డయాలసిస్ దగ్గర డాక్టరుగారిని అడిగి రాశాను. ఎవరు ఆ సీటులో కూర్చోవచ్చో, ఎవరు అసలు కూర్చోకూడదో కూడా ఆయన చేతే రాయించాను.

మా ఊరి నుంచి ఇప్పటికీ నలుగురు పలాస వెళ్తున్నారు. లైసెన్సు ఉండి, వారానికి మూడు రోజులు ఆ వ్యాను నడపగలవారు మన ఉద్దానం ఊళ్ళలో ఎవరైనా ఉంటే అక్కకి గాని నాకు గాని చెప్పండి. ఆ నలుగురి ఇళ్ళవాళ్ళు, ఎక్కుతామో ఎక్కమో అదీ చెప్పండి. ఎక్కమన్నా సరే, తిట్టినా సరే. ఆ తిట్లు మావకి కాదు, నాకు చెప్పండి.

రోజూ పొద్దున బడికి వెళ్ళేముందు వ్యాను స్టార్టు చేస్తున్నాను. పసుపు దీపం వెలిగాక, ఆయనలాగే చేతి వెనక వైపుని అత్త చీర మీద ఆనించి వంద లెక్కపెడుతున్నాను. అరవై దాటాక వెచ్చదనం తెలుస్తుంది. అక్క ఈ నెల ఇరవై ఐదు వరకే ఆగుతానంది. దయచేసి ఆ లోపు చెప్పండి.