నల్లార్బర్ దారిలో మా టీవీకి అనుమతి దొరికిన రోజు

మా అమ్మాయి మేఘన రాష్ట్ర క్రికెట్ జట్టుకు ఎంపికైంది. పెర్త్‌లో ఆడే మొదటి మ్యాచ్ టీవీలో వస్తుందని తెలిసి ఎగిరి గంతేశాను. "అమ్మా, ప్లీజ్ డోంట్ కమ్. యూ మేక్ మీ నర్వస్," అంది. నగరంలో, క్లేటన్‌లోని మా ఇంట్లో ఉంటే నేను ఆగలేక విమానం ఎక్కేస్తానని, మా ఆయన శ్రీధర్ కారవాన్ తీసి విమానం ఊసే లేని నల్లార్బర్ ఎడారి మైదానం దారి పట్టించాడు. టీవీ, డిష్, బాక్సు వెంట తెచ్చుకున్నాం.

ఆ దారిలో యాంటెన్నాకు ఏ ఛానలూ అందదు, ఫోన్లో వీడియో ఆడదు. దూరపు స్టేషన్లు శాటిలైట్ ద్వారానే రావాలి. డిష్ ఉన్నంత మాత్రాన బొమ్మ రాదు. యాంటెన్నా అందనివాళ్లకే బాక్సులోని కార్డు తెరవాలని నిబంధన. శ్రీధర్ రెండుసార్లు దరఖాస్తు పెట్టాడు, రెండుసార్లూ "మీకు అర్హత లేదు" అన్నారు. "దారిలో చూద్దాంలే," అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

శుక్రవారం ఉదయం ఏడింటికి సెడూనా అనే ఊళ్లో బయల్దేరి, పదకొండుకల్లా ఒక రోడ్‌హౌస్ చేరాం. పెట్రోలు, భోజనం, బస అన్నీ అక్కడే. కారవాన్ ఆపుకునే, కరెంటున్న స్థలానికి నలభై అయిదు డాలర్లు. మ్యాచ్ మూడింటికి. వంట చేసే లక్ష్మి ఆంటీది ఫిజీ తెలుగు కుటుంబం. "రా అమ్మా, తిను" తప్ప తెలుగు పెద్దగా రాదు. ఆవిడ టీవీ పోయిన వారమే చెడిపోయిందట. ఆవిడకు అనుమతి ఉంది, టీవీ లేదు. మాకు టీవీ ఉంది, అనుమతి లేదు!

"మీ కార్డు ఇస్తారా ఆంటీ?" సిగ్గు విడిచి అడిగాను.

"వోంట్ వర్క్, డార్లింగ్. ఓన్లీ మై బాక్స్." శ్రీధర్ ఫోన్ లాక్కుని దరఖాస్తు చూసింది. "వై క్లేటన్? టునైట్ క్లేటన్‌లో స్లీపింగా?"

"పర్మనెంట్ అడ్రస్ కదా ఆంటీ!" అన్నాడు శ్రీధర్.

ఏ ఫారం కనబడినా శాశ్వత చిరునామా రాసే మహానుభావుడు! క్లేటన్‌లో యాంటెన్నా అందుతుంది, మరి అర్హత ఎలా ఇస్తారు? ప్రయాణికులకు వేరే ఫారం ఉందని ఆంటీయే చూపించింది. రోడ్‌హౌస్ ఆఫీసు నత్తనడక వైఫైలో కారవాన్ నంబరు కొట్టి, ఒంటిగంటకు పంపాం. అనుమతి రెండింటికి వచ్చింది. కార్డు తెరుచుకునేదాకా బాక్సు ఆన్‌లోనే ఉంచాలట. డిష్‌ని ఈశాన్యానికి తిప్పి, "వాస్తు కుదిరింది" అన్నాడు శ్రీధర్. నేను నవ్వలేదు.

మూడయింది. బొమ్మ లేదు. మూడుంపావు. లేదు. నాకు ఏడుపొచ్చేసింది. మూడున్నరకు ఒక్కసారిగా పచ్చటి గ్రౌండు, చేతిలో బంతితో నా కూతురు! ఆంటీ అట్లకాడతోనే పరిగెత్తుకొచ్చింది, ఇద్దరు లారీ డ్రైవర్లు కాఫీ కప్పులతో నిలబడ్డారు. నాలుగో బంతికి వికెట్టు ఎగిరింది. మేఘన చేతులెత్తి, రావద్దన్న మనిషే, గ్యాలరీలో ఎవరికోసమో వెతికింది.

"ఇక్కడున్నానే తల్లీ!" అని టీవీకి కేకేశాను.

చట్టం ఎవరి చుట్టమూ కాదంటారు. ఆ నిబంధనను వారం రోజులు తిట్టిపోశాను. కానీ అంత ఎడారిలో వంట చేసే ఆంటీకి నగరం స్టేషన్ అందుతున్నది, యాంటెన్నా అందనివాళ్ల కోసమే పెట్టిన ఆ నిబంధన వల్లే. ఆ రోజు మేఘన జట్టుతోపాటు మేమూ గెలిచాం, గర్వంగానే చెబుతున్నాను. మీరు ఆ దారిన వెళ్లేటట్టయితే ప్రయాణికుల ఫారం వారం ముందే నింపండి. మా అమ్మాయి మొదటిసారి మైదానంలోకి అడుగుపెట్టడం నేను చూడలేకపోయాను. మీవాళ్లది మీరు చూడండి.